పన్నెండు దినాల బిడ్డ

ఉట్నూర్
జులై 9

జానకక్కకు, నీ చెల్లె లతీఫ్ సలాం.

అక్కా, ఈ కాయితం అందంగనే ఒక్కదానివే కూసొని చదువు. మనుమరాలు స్నిగ్ధతోని సుత చదివియ్యకు. ఫోన్ చెయ్యొచ్చు గదా అంటవు. నీకు చెవులు వినపడయి, నేను ఒర్రాలె, నేను ఒర్రితె ఇల్లంత వింటది. ఇది ఒర్రేటి ముచ్చట కాదు. మంథనిల నాలుగో తరగతి దాంక నా చెయ్యి వట్టి దిద్దిచ్చింది నువ్వే. గీన్ల తప్పులుంటే సగం నీయే.

ముందుగాల మంచి ముచ్చట. మా అవేజ్‌కు సంబంధం కుదిరింది. నా ఆఖరోనికి ముప్పై రెండు నిండినయి. ఒక కాలు జర ఈడ్సుకుంట నడుస్తడని ఆరు సంబంధాలు తప్పినయి, నీకు ఎరుకే. ఈ పిల్ల మీ కరీంనగర్ పిల్లనే. పేరు ఇఖ్రా, బడిల పిల్లలకు పాఠాలు చెప్తది. వీడు నడిచొస్తుంటే మొకం తిప్పుకోలే. "మీరు మెల్లగ నడుస్తరా? మంచిదే, నాకు సుత ఉరుకుడు రాదు" అన్నదట. గప్పటిసంది వీడు మందుల దుకాండ్ల కూసోని తనలో తాను నవ్వుకుంటున్నడు. నిఖా నవంబర్‌ల అనుకున్నం.

ఇగ నన్ను తింటున్న ముచ్చట విను.

పిల్ల తల్లి పేరు నిషాత్. నలభై ఆరేండ్లు ఉంటయట. చాయ్ తాగుకుంట మాటల మాట అన్నది, "నన్ను కని మా అమ్మ దవాఖాన్లనే పోయింది, నాయినమ్మ సాదింది" అని. పుట్టిన తారీకు అడిగితే, ఎవలకు తెల్వది, బడిల చేర్పించేటప్పుడు జూన్ ఒకటి అని రాసిండ్రు అన్నది. నేను కప్పు కింద పెట్టిన అక్కా. చాయ్ ఉడుకున్నదని చెప్పి తప్పిచ్చుకున్న.

నీకు ఎప్పుడు చెప్పలే. నా పెద్దకొడుకు మోయిజ్ పుట్టినప్పుడు నొప్పులు కష్టమైతే మంథని నుంచి కరీంనగర్ పెద్ద దవాఖానకు తోలుకపోయిండ్రు గదా. తెల్లారి బాజు మంచం మీద ఒకామె ఆడపిల్లను కన్నది. మా తురకోల్లే. జ్వరం దిగలే, కండ్లు తెరువలే, మూడో దినం పోయింది. పేరు సుత తెల్వది నాకు. పిల్ల ఏడుస్తుంటే నర్సమ్మ తెచ్చి నా ఒడిల వేసింది. నాకు కుట్లు మానక ఆడనే ఉన్న. పన్నెండు దినాలు, ఒకపక్క మోయిజ్‌ను, ఒకపక్క దాన్ని వట్టుకున్న. పదమూడో దినం ఒక ముసలామె వచ్చి గుడ్డల చుట్టుకొని తీస్కపోయింది.

మా దాంట్ల పాలిచ్చినామె తల్లే అయితది. కన్నట్టే లెక్క. ఈ నిషాత్ ఆ పిల్లే అయితే నాకు బిడ్డె, అవేజ్‌కు అక్క. ఇఖ్రాకు వాడు మేనమామ. మేనమామతోని నిఖా హరాం.

నిషాత్‌నే అడగొచ్చు. అడిగినంక ఆమె కాదని తేలితే? "అత్త పెండ్లి తప్పియ్య చూసింది" అని మాట పుడ్తది. గా పిల్ల పేరు సుత నలుగుట్ల పడ్తది. పుట్టినోల్ల, సచ్చినోల్ల బుక్కులు మునిసిపాలిటీల ఉంటయట. ఎవలైన అడిగి చూడొచ్చట. నిషాత్ బాపు పేరు సయ్యద్ మీరా. నువ్వు పోయి చూడు. నా మోయిజ్ పుట్టిన తెల్లారి ఆయనకు ఆడపిల్ల పుట్టిందా, మూడో దినం పెండ్లాం సచ్చిపోయిందా. గీ రెండు ముక్కలు చాలు.

తిండి పోతలేదు. బీపీ గోలీ ఏసుకున్ననో లేదో యాదికుంటలేదు.

నీ లతీఫ్


కరీంనగర్
జులై 21

చెల్లె లతీఫున్నీసాకు జానకీబాయి దీవెనలు.

నీ కాయితం మూడుసార్లు చదివిన. మొదటిసారి భయపడ్డ, రెండోసారి ఏడ్చిన, మూడోసారి నవ్విన. మేనమామ అయితడని ఏడుస్తున్నవానే పిచ్చిదానా! మా ఆయన భూపాల్‌రావు నాకు ఎవలు? మా అమ్మ సొంత తమ్ముడు. నన్ను ఎత్తుకొని గోదావరి ఒడ్డుకు తిప్పినోడే నన్ను చేసుకున్నడు. నలభై మూడేండ్లు కాపురం చేసినం. కూరల ఉప్పు తక్కువైందని తప్ప ఒక్క మాట అనలే. మా దాంట్ల మేనమామ ఉంటే ఇంకో పిల్లగాన్ని ఎవలు చూస్తరు? పాలు తాగితేనే గిట్ల అయితే, మేం ఏమైపోవాలె?

సరే, నీ పానం ఊకోదు గదా. పని మొదలువెట్టిన.

స్నిగ్ధకు ఏం చెప్పలే, ఊకెనే ఓటర్ల లిస్టు ఎట్ల చూస్తరే అని అడిగిన. ఫోన్ల తీసింది. మా వాడకట్టు మొత్తం అందుల ఉన్నదే! ఇంటి నంబరు, మొగని పేరు, వయసు, అన్ని. బాజు ఇంటి జమున నాకన్న మూడేండ్లు పెద్దది, అందుల ఆరేండ్లు చిన్నది. పొద్దుగాల పూలు కోస్తుంటే "ఏం పిల్లా" అని పిలిచిన. బిత్తరపోయి చూసింది.

మీ నిషాత్ సుత దొరికింది. గోడ మీద పేర్లు రాసిపెట్టినట్టు ఉన్నది, అడిగేటోడు లేడు. నాకు జర సిగ్గనిపించింది, వాకిట్ల నిలవడి ఇంట్లకు తొంగిచూసినట్టు. వయసు నలభై ఆరే రాసిండ్రు. కాని అది ఆ జూన్ ఒకటి లెక్కనే అయి ఉంటది, నమ్మరాదు.

గందుకే మొన్న మునిసిపాలిటీ ఆఫీసుకు పోయిన. హనుమండ్లు అని ఒక పిలగాడు, పిలగాడంటే యాభై ఉంటయి, మంచిగ కూసోవెట్టి నీళ్లిచ్చిండు. "అమ్మా, అప్పటియి కంప్యూటర్ల ఎక్కలే, బుక్కులు దించాలె, దరఖాస్తు రాసిచ్చి పోండ్రి, పిలుస్త" అన్నడు. రాసిచ్చిన. ఎందుకమ్మా అంటే, మా చెల్లె కొడుకు పుట్టిన తారీకు కావాలె అని మోయిజ్ పేరు చెప్పిన. అబద్దం కాదు గదా.

గోలీలు ఏసుకో. వేసుకున్నంక ఆ గోలీల కాయితం ముక్క చింపి కొంగుకు కట్టుకో, యాది ఉంటది.

జానకి


ఉట్నూర్
ఆగస్టు 2

అక్కా,

నువ్వు నవ్వినవు. నవ్వు, నీకేం. మీ దాంట్ల వేరు, మా దాంట్ల వేరు. మా అన్న మా చిన్నాయిన బిడ్డెను చేసుకున్నప్పుడు నువ్వు ఏం చేసినవ్ యాది చెయ్యి. "అన్నచెల్లెండ్లకు పెండ్లి ఏందే, ఛీ" అని దావత్‌కు రాకుండ ఇంట్ల వండుకున్నవ్. మూడు దినాలు నాతోని మాట్లాడలే. గప్పుడు నీకు ఎట్ల ఒళ్లు జలదరించిందో, గిప్పుడు నాకు గట్లనే ఉన్నది. మాకు చిన్నాయిన బిడ్డెను చేసుకోవచ్చు, మేనకోడలిని చేసుకోరాదు. మేనకోడలంటే బిడ్డెనే. కన్నబిడ్డెను నిఖా చేసుకుంటరా ఎవలన్న?

ఈడ దినాలు గడుస్తలేవు. అవేజ్ ఆ పిల్లతోని ఫోన్ల మాట్లాడ్తడు, నేను గోడకు ఆనుకొని వింట. పాపం అనిపిస్తది వినుడు, వినకుంటే పానం ఆగది. నిన్న వాడు, "ఉట్నూర్ల వాన మొదలైతే బందు కాదు, నువ్వు ఉండగలుగుతవా" అంటుండు. ఆ పిల్ల ఏమన్నదో, వాడు నవ్విండు. గంత నవ్వు వాని నోట్ల నుంచి వస్తదని నాకే తెల్వది.

మా ఆయన ఉన్నప్పుడు అనేటోడు, "లతీఫ్, నువ్వు ఫికర్ చేసెటందుకు ఏదో ఒకటి వెతుక్కుంట తిరుగుతవ్" అని. ఉంటే ఆయననే అడుగుదు. జీపు తీస్కొని ఒక్క పూటల తేల్చుకొని వచ్చెటోడు జబ్బార్.

హనుమండ్లు పిలువకుంటే నువ్వే పో. ఒగవేళ ఆమే అయితే దాచకు. నేను ఏడుస్తనని దాచకు.

లతీఫ్


కరీంనగర్
ఆగస్టు 19

చెల్లె లతీఫ్‌కు,

పోయిన. చూసిన. ఆ సాలు బుక్కుల సయ్యద్ మీరా అనేటి పేరు లేదు. కొన్ని కాయితాలు చెదలు తిన్నయి, ఉన్నకాడికి మాత్రం లేదు. ఇగ ఈ నిషాత్ వేరే, నీ పిల్ల వేరే. నిమ్మలంగ పెండ్లి చెయ్యి.

ఈడ వానలు మంచిగ పడ్డయి. మా సంతోష్‌రావు నాట్లకు ఊరికి పోయిండు. కొడుకు లేక ఇల్లు చప్పుడు లేదు. నాకు ఎట్లాగు వినపడదనుకో. స్నిగ్ధకు పరీక్షలు. మామిడికాయ తొక్కు పంపుదమంటే సీసా పగులుతదని భయం. పెండ్లికి నేను ఏ చీర కట్టుకోవాలె? ఆకుపచ్చది కడ్త. నా ఆరోగ్యం మంచిగనే ఉన్నది. మోకాళ్లు నొస్తున్నయి.

ఇంకేం రాయాలె. ఏం లేదు.

జానకి


ఉట్నూర్
సెప్టెంబర్ 5

అక్కా, అక్కా, నా జానకక్కా,

నీ కాయితం వచ్చిన దినం అల్లాకు షుక్రియా అనుకుంట రెండు రకాతులు, మీ లెక్కల రెండు సుట్లు, నమాజ్ చదివిన. మూడు దినాలు మంచిగ తిన్న. నాలుగో దినం లేచేసరికి, చెదలు తిన్న కాయితాలు ఎన్ని అని అడగలే గదా అని గుర్తుకొచ్చింది. ఒకటా, పదా? మోయిజ్ పేరు అందుల ఉన్నదా, వాని కాయితమే పోయిందా? వాని పేరు ఉంటే దాని పక్కననే ఆ పిల్ల ఉండాలె గదా. మళ్ల అనుకున్న, ఓ ముసల్దానా, ఇగ చాలు. అక్క తన కండ్లతోని చూసిన అన్నది. అక్క నాకు ఎప్పుడన్న అబద్దం చెప్పిందా?

పెండ్లి పత్రికలు అచ్చుకు ఇచ్చినం. మా మౌల్వీ సాబ్‌ను పక్కకు పిలిచి, ఎవరిదో ముచ్చట లెక్క అడిగిన. తెల్వక చేసుకుంటే ఏమైతది అని. చేసుకున్నోల్లకు పాపం లేదన్నడు. తెలిసి దాచినోల్లు ఉంటే వాల్ల మెడకన్నడు. నేనైతే అడిగిన, వెతికిన, నా తరఫున ఏం కొరత పెట్టలే. ఇగ అల్లా చూసుకుంటడు.

ఒక పని చెయ్యి. నిషాత్ ఇల్లు నీకు ఎరుకే గదా ఇప్పుడు. ఇఖ్రాకు కుర్తా కుట్టియ్యాలె, కొలత కావాలె. ఒక పాత కుర్తా అడిగి బస్సుల పార్సల్ వెయ్యి. పోయినప్పుడు జర వాల్లింట్ల కూసో. మనోల్ల మనిషి ఒకలు వచ్చిండ్రంటే వాల్లకు సంబురం.

లతీఫ్


కరీంనగర్
సెప్టెంబర్ 24

లతీఫ్,

నిన్ను చెల్లె అని రాసెటందుకు చెయ్యి వస్తలేదు.

నేను అబద్దం చెప్పిన. చెదలు లేవు. బుక్కు నిమ్మలంగనే ఉన్నది. హనుమండ్లు పాపం బీరువా మీదినుంచి దించి, దుమ్ము తుడిచి నా ముంగట పెట్టిండు. ఒకటే కాయితం మీద ఉన్నరే ఇద్దరు. ఒక గీతల మగ, తండ్రి జబ్బార్, జీపు డ్రైవర్, మంథని అడ్రసు. కింది గీతల ఆడ, తండ్రి సయ్యద్ మీరా, తాళాలు బాగుచేసుడు. తారీకులు ఒక్క దినం తేడా. ఇద్దరికి పేర్ల జాగ ఖాళీగనే ఉన్నది. సచ్చినోల్ల బుక్కు సుత చూపియ్యమన్న. మీరా పెండ్లాం ఖైరున్‌బీ, ఇరవై ఏండ్లు, అదే దవాఖాన. నువ్వు చెప్పిన దినమే. రెండిటి నకలు తీసుకున్న, గీ కాయితంల పెట్టిన.

ఎందుకు దాచిన అంటవు. నీ అవేజ్ నవ్వుతున్నడు అని రాసినవ్ గదా. ఆ నవ్వు నేను ఆపనా? పన్నెండు దినాల పాలకు వాని బతుకు నిలిపియ్యనా? నా మొగడు నాకు మేనమామనే అయ్యె, ఇందుల ఏమున్నది అనుకున్న. నువ్వు మీ అన్న పెండ్లి ముచ్చట రాసినవ్, చదివిన, నాకు ఎక్కలే. నా లెక్కతోని నీ ఇల్లు కొలిచిన. మౌల్వీ అన్న మాట చదివినంక సుత, సరే, నా మెడకే పడనీ, నేను మోస్త అనుకున్న. నా మెడ చూసేటి దేవుడు వేరే గదా అని సుత అనుకున్న. చూసినవా ఎంత దాంక పోయిన్నో.

మరి ఎందుకు చెప్తున్న? నువ్వు కుర్తా కోసం పంపినవ్ గదా, గందుకు.

నిషాత్ నన్ను మంచం మీద కూసోవెట్టింది. నా చెవికాడికి వంగి మాట్లాడింది, ఒర్రలే. ఇఖ్రా బడి నుంచి రాలే ఇంక. నీ పేరు చెప్పంగనే, "ఆమెను చూస్తె నాకు ఎందుకో మా ఇంటిమనిషి లెక్క అనిపించిందమ్మా" అన్నది. నేను ఊకోక, మీ అమ్మ పోయినంక నువ్వు ఎట్ల బతికినవ్ బిడ్డా అన్న. అడగకుండ ఉండాలె నేను, అడిగిన. "ఎవలో ఒకామె పాలిచ్చిందట. మా నాయినమ్మ ఆమె పేరు అడగలే. అడగకుండ తెచ్చిన అని సచ్చేదాంక ఏడ్చింది. నేను పెద్దగైనంక దవాఖానకు పోయి అడిగిన, ఎవలు చెప్పలే. గిప్పటికి సుత బజార్ల అరవై దాటిన మా వాళ్ల ముసలామె ఎవలు కనపడ్డా, ఈమెనా ఏందని మొకం దిక్కు చూస్త" అన్నది.

ఆ మాట నాకు జర వినపడేటి చెవిల పడ్డది లతీఫ్. నేను అవేజ్ గురించే చూసిన. ఇఖ్రా గురించి చూసిన. ఈమె ఒకతి ఇన్నేండ్ల సంది వెతుకుతున్నదని నాకు తెల్వది. నీ నిజం నా దగ్గర ఉంచుకుంటే నీకు చేసిన తప్పు. ఆమెది సుత నేనే ఉంచుకున్న గదా. కుర్తా అడగకుండనే లేచి వచ్చిన.

నిఖాకు ఇంక నెలన్నర ఉన్నది. నన్ను ఏమన్న అను. స్పీడ్ పోస్టుల వేస్తున్న.

జానకి


కరీంనగర్
అక్టోబర్ 6

లతీఫ్,

కాయితం అందిందని పోస్టాఫీసోల్లు చెప్పిండ్రు. వేసి పన్నెండు దినాలైంది. ఒక్క ముక్క రాయి. తిట్టి రాయి. స్నిగ్ధతోని ఫోన్ చేపిచ్చిన, నీ కోడలు ఎత్తి, "అమ్మీ ఊరికి పోయింది" అన్నది. ఏ ఊరికి?

జానకి


ఉట్నూర్
అక్టోబర్ 14

జానకక్కకు,

ఏ ఊరికి పోత? మీ ఊరికే వచ్చిన. నీ ఇంటి ముంగట నుంచే ఆటోల పోయిన. నువ్వు అరుగు మీద కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నవ్. ఆపమనలే. ఆపితె దిగి నిన్ను కొడుదునో, నీ మీద పడి ఏడుద్దునో నాకే తెల్వది.

ముందుగాల అవేజ్‌కు చెప్పిన. నకలు చేతికిచ్చిన. వాడు చదివి, మడత పెట్టి, షట్టర్ దించి, బజారంత నడిచిండు. మెల్లగ నడిచేటోడు గా దినం ఎంత దూరం నడిచిండో. వచ్చినంక అన్నడు, "అమ్మీ, నువ్వు వెతకకుంటే ఏమయ్యేది?" నేను నిషాత్‌కు చెప్దామని ఫోన్ అందుకున్న. "వాల్లకు ఫోన్ల చెప్పకు, పోదాం పా" అన్నడు. వాడే అన్నడు అక్కా. ధర్మపురి దాటేదాంక నా చెయ్యి ఇడవలే.

నిషాత్ ఇంట్ల కూసున్నం. పత్రికల కట్ట అప్పటికే అలమారిల ఉన్నది. వాల్లు అల్లుడొచ్చిండని సేమ్యా వండవట్టిండ్రు. నేను నకలు తీసి పెట్టి, "బిడ్డా, నువ్వు అడుగుతున్న ముసలామెను నేనే" అన్న. గంతకన్న ఏం అనాలెనో బస్సుల ఎంత ఆలోచన చేసినా దొరకలే.

నిషాత్ గా కాయితం మీద ఖైరున్‌బీ అనే పేరు మీద వేలు పెట్టుకొని కూసున్నది. తరువాత అడిగింది, "నేను బాగ ఏడుస్తుంటినా?"

"ఏడుస్తుంటివి. కాని తాగేటప్పుడు మాత్రం మోయిజ్ కన్న గట్టిగ వట్టుకుంటివి. నీ గోర్లు గీరుకుపోయేటియి" అన్న.

అప్పుడు ఏడ్చింది. నేను ఏడ్చిన. ఇద్దరం ఏడ్చుకుంట ఉన్నం, సేమ్యా అడుగంటిన వాసన వస్తున్నా ఎవలం లేవలే.

ఇఖ్రా తలుపు కాడ నిలవడి అంత విన్నది. లోపలికి పోయింది. మేం ఇగ రాదనుకున్నం. జరసేపటికి వచ్చింది, కండ్లు ఎర్రగ, నెత్తి మీద దుపట్టా లేదు. తల్లి "దుపట్టా ఏదే" అని గదమాయిస్తె, అవేజ్ దిక్కు చూసి, "మేనమామ ముంగట పరదా ఏంది?" అన్నది. ఎక్కిరిచ్చినట్టున్నదో, ఒప్పుకున్నట్టున్నదో తెల్వది. వాడు తల ఎత్తలే. గా పిల్ల చాయ్ తెచ్చి వాని ముంగట పెట్టింది, "తాగుండ్రి, మామూ" అన్నది. వాడు గ్లాసు వట్టుకున్నడు గని తాగలే. ఇద్దరిల ఒక్కరన్న మమ్ముల తిడితె మంచిగుండు. తిట్టలే.

నాకు నీ మీద కోపం పోలే. నెలరోజులు నన్ను నవ్విచ్చినవ్, ఆ నవ్వు మొత్తం ఇప్పుడు గుచ్చుకుంటున్నది. కని నిషాత్ నీ మీద ఒక మాట అన్నది. "ఆ అమ్మ నన్ను అడగకుంటే నేను ఎవలకు చెప్పకపోదును" అన్నది. గందుకని రాస్తున్న. కోపం తగ్గితె చెప్త, అప్పుడు రా.

నిషాత్ దినాం ఫోన్ చేస్తది. నాకు కొత్త ఫికర్ మొదలైంది, దానికి బీపీ ఉన్నదట, గోలీలు సరిగ ఏసుకోదట. మొగడు మంచోడే గని మందుల సంగతి చూడడు. నువ్వు ఊల్లెనే ఉంటవు గదా, రెండు దినాలకొకసారి పోయి చూసిరా. చీటి రాసి గోడకు అంటియ్యి. ఇఖ్రా మొకం సుత చూసిరా, తింటున్నదా లేదా. నాకు చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇన్ని దినాలు నిషాత్ ఫోన్ మోగితే అవేజ్ లేచి బయటికి పోయెటోడు. నిన్న పొద్దుమీకె నేను మగ్రిబ్ నమాజ్‌ల ఉన్న. ఫోన్ మోగింది. ఆగింది. మళ్ల మోగింది. వాడు లేస్తడు, పోతడు అనుకున్న. పోలే. ఎత్తిండు. అటు దిక్కు నిషాత్ హలో హలో అంటున్నది నాకు సుత వినపడ్తున్నది.

"అమ్మీ నమాజ్‌ల ఉన్నది," అన్నడు. మళ్ల అన్నడు. "జరంత ఆగి చెయ్యి, అక్కా."

నేను ఎన్ని రకాతులు చదివిన్నో మరిచిపోయిన. మళ్ల మొదటినుంచి చదివిన.

లతీఫ్